దుర్భిణి గాజుకు పెట్టిన బొట్టు

నాకు బొట్టు పెట్టే పిచ్చి. ఇప్పటికీ పోలేదు. కొత్త వస్తువు ఏది గడప దాటి ఇంట్లోకొచ్చినా, పసుపు రాసి కుంకుమ పెడితే తప్ప నా మనసు ఊరుకోదు. కొట్లో తక్కెడకు పెట్టాను, కుట్టుమిషనుకు పెట్టాను, జగదల్‌పూర్ నుంచి మొదటిసారి వచ్చి మా కొట్టు ముందు ఆగిన మోటారు లారీకి కూడా, డ్రైవరు నవ్వుతూ చూస్తుంటే, అద్దం కింద ఇంత బొట్టు పెట్టాను. నన్ను వదిలేస్తే శబరి ఏటిక్కూడా పెట్టొస్తానని మా ఆయన ఎగతాళి చేసేవాడు. ముందు మీ నాలుకకు పెడతాను, అప్పుడైనా మంచి మాట వస్తుందేమో అని నేనూ అంటించేదాన్ని. అట్లాంటి సంసారం మాది.

అవి బస్తర్ రాజ్యం రోజులు. కోంటాలో ఏటి ఒడ్డున మా కొట్టు. ఉప్పు, బట్ట, కిరసనాయిలు మేమిచ్చేవాళ్ళం. చుట్టుపక్కల పల్లెల దొర్లవాళ్ళు, అంటే ఆ వైపు కోయవాళ్ళు, ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయ తెచ్చి ఇచ్చేవాళ్ళు. నేను రాజమండ్రి నుంచి అక్కడికి కాపురానికి వచ్చినదాన్ని. మా నాన్న రాజమండ్రిలో గడియారాలూ కళ్ళజోళ్ళూ బాగుచేసేవాడు. పెళ్ళయ్యేదాకా ఆయన బల్ల పక్కన కూర్చుని గాజులు తుడవడం, ఫ్రేముల్లో బిగించడం నా పని. అత్తారింటికి వచ్చేటప్పుడు సారెతో పాటు ఒక చిన్న పట్టకారు, మెత్తటి కుంచె ఒకటి పెట్టెలో పెట్టుకుని మరీ తెచ్చుకున్నాను. కోంటాలో ఎవరి కళ్ళజోడు విరిగినా మా వంటింటికే వచ్చేది.

దోర్నపాల్ దారిలో, మాకు నాలుగు కోసుల దూరంలో ఒక దొర్ల పల్లె ఉంది. అక్కడి నుంచి మా కొట్టుకు ఒక ముసలాయన వచ్చేవాడు. మాకు పాత మనిషి. నేను తాతా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను షావుకారమ్మా అనేవాడు. మూతిలోంచి మందు కూరే పాత భర్మారు బందూకుతో బతుకంతా వేటాడినవాడు. గురి తప్పని మనిషని ఏటికి ఇవతలా అవతలా పేరు. అట్లాంటి మనిషి పెద్దకోడల్నే, ఈ కథకు ముందు ఏడు ఇప్పపువ్వు రోజుల్లో, చెట్టు కింద పువ్వు ఏరుతుంటే పులి ఎత్తుకుపోయింది.

ఇప్పపువ్వు సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. అది రాత్రంతా రాలుతూ ఉంటుంది. తెల్లవారేసరికి చెట్టు కింద నేలంతా పువ్వే. ఆలస్యం చేస్తే ఎలుగుబంట్లూ దుప్పులూ తినేస్తాయి, ఎండెక్కితే వాడిపోతుంది. అందుకని ఆడవాళ్ళు ఇంకా మసకమసగ్గా ఉన్నప్పుడే బుట్ట పట్టుకుని పోయి, నడుం వంచి ఏరతారు. వంగి ఏరుకునే మనిషి పులికి మనిషిలా కనపడదట, నాలుక్కాళ్ళ జంతువులా కనపడుతుందట. మూడు వారాలు ఏరిన పువ్వే వాళ్ళకు ఏడాది ఉప్పు, ఏడాది బట్ట, వానాకాలంలో సగం తిండి. మరుసటి ఏడు పువ్వు మొదలైన నాలుగో రోజుకే పక్క పల్లెలో ఇంకొక ఆడమనిషి పోయింది. దాంతో ఎవరూ గడప దాటలేదు. పువ్వంతా చెట్ల కిందే కుళ్ళిపోతోందని, ఆ వాసన పల్లెదాకా వస్తోందని తాత వచ్చి చెప్పాడు.

ఆ పులిని కొట్టడానికి జగదల్‌పూర్ నుంచి రాజ్యం వాళ్ళ అడవి ఆఫీసరు ఒకాయన వచ్చి మా ముందు గదిలో దిగాడు. హిందీ మనిషి, మర్యాదస్తుడు. దిగిన రెండో రోజే చలిజ్వరం పట్టుకుంది. నాలుగు దుప్పట్లు కప్పినా మంచం గడగడలాడేది. లేచి నిలబడలేని మనిషి మంచె ఎట్లా ఎక్కుతాడు? తాతను పిలిపించి, నా తుపాకి తీసుకో, నువ్వు కొట్టు అన్నాడు. తాతతో పాటు రెండో కోడలు కూడా వచ్చింది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. గుమ్మం దగ్గర గోడకానుకుని నిలబడి, అందరూ చెప్పేది విని, చివరికి తాను పోయి చెట్టు కింద పువ్వు ఏరుతానంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీకేమన్నా మతి పోయిందా, మేకను కట్టొచ్చు కదా అని తిట్టాను. మేకను కట్టి చూశారట, అది రాలేదట. వంగి ఏరే మనిషి ఉంటేనే వస్తోంది. అక్క పోయింది, ఈసారి ఎవరో ఒకరు పోవాల్సిందే, మామ తుపాకి పట్టుకుని పైన కూచున్న రోజు పోవడం నయం కదా అంది ఆ పిల్ల, సంతకు పోయొస్తానన్నంత మామూలుగా.  నేను బల్లికి భయపడి వంటిల్లు వదిలి పారిపోయేదాన్ని. ఆ పిల్ల మొహం వైపు అట్లా చూస్తూ ఉండిపోయాను.

కాబట్టి జరగబోయేది ఇది. పొద్దు పొడవకముందు, మసక వెలుగులో, పిల్ల చెట్టు కింద ఉంటుంది. తాత మంచె మీద ఉంటాడు. పులి వస్తే ఒక్క దెబ్బకు పడాలి. పడకపోతే పిల్ల దక్కదు.

ఆఫీసరు తుపాకికి దుర్భిణి ఉంది. ఒకటి కాదు, రెండు తెచ్చాడు. కొక్కేలతో తుపాకి మీద బిగించొచ్చు, తీసి ఇంకోటి పెట్టొచ్చు. ఒకటి సన్నగా, వెదురు గొట్టంలా ఉంది. దాని ముందు గాజు ఇరవై మిల్లీమీటర్లు, అంటే నా బొటనవేలు గోరు కంటే కాస్త పెద్దది. రెండోది ముందువైపు ఉమ్మెత్తపువ్వులా విచ్చుకుని ఉంది. దాని గాజు యాభై ఆరు, నా అరచేతిలో సగం ఆక్రమించేంత. చిన్నది దూరపు వస్తువును నాలుగింతలు దగ్గరికి తెస్తుంది, పెద్దది ఎనిమిదింతలు. మసక వెలుగులో వేట కాబట్టి పెద్దదే పెట్టాలని ఆఫీసరు మాట. గాజు ఎంత పెద్దదైతే అంత వెలుగును పోగుచేస్తుందని ఆయన చెప్పాడు. మా ఆయన తలూపాడు.  నాకూ న్యాయంగానే తోచింది. పెద్ద గిన్నెలో ఎక్కువ వాన పడుతుంది కదా.

మర్నాడు తెల్లవారుజామున తాత దాంతో గురి చూసి అలవాటు చేసుకోవాలి. నేను అంతకంటే ముందే లేచి స్నానం చేసి, గోడకానించిన తుపాకి దగ్గరికి పోయాను. ఒక ఆడపిల్ల ప్రాణం కాచే వస్తువు అది. దానికి బొట్టు లేకపోతే ఎట్లా? చెక్క పిడికి పసుపు రాశాను. బొట్టు ఎక్కడ పెట్టాలా అని చీకట్లో తడిమితే గుండ్రంగా, చల్లగా, మొహంలా తగిలింది. నూనెలో తడిపిన కుంకుమ బొటనవేలితో తీసి దాని నట్టనడుమ ఇంత బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. గాజుల బల్ల పక్కన పెరిగినదానికి అది గాజని తెలియదా అంటారా? తెలుసు. కానీ ఆ క్షణంలో అది నాకు మొహంలాగే అనిపించింది. 

తాత తుపాకి తీసుకుని పెరట్లోకి పోయి ఏటి అవతలి ఒడ్డు వైపు చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి, మంచిగనే ఉంది, మద్దిచెట్టు మీద కొంగ సుత కనపడుతున్నది అని చెప్పాడు. అప్పటికి కాస్త వెలుగొచ్చింది. మా ఆయన ముందు గాజు చూశాడు. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. రాజ్యం వాళ్ళ సొత్తు, విదేశీ గాజు, దాని మధ్యలో మా ఇంటి కుంకుమ.

"ఏంది ఇది?" అన్నాడు నన్ను చూసి. 

 నాకు భయం వెనకాలే ఇంకొకటి తట్టింది. ఇంత బొట్టు గాజు నడిమధ్యలో ఉంటే తాతకు కొంగ ఎట్లా కనపడింది? బొట్టు ఎందుకు కనపడలేదు? మా ఆయన వద్దంటున్నా తుపాకి ఎత్తించి నేను కన్ను పెట్టి చూశాను. కొంగ ఉంది, చెట్టు ఉంది, ఏరు ఉంది. బొట్టు లేదు. ఎర్రటి మచ్చ కాదు కదా, దాని నీడ కూడా లేదు. కొంచెం మసకగా, పల్చటి పొగలోంచి చూసినట్టుంది అంతే. తల పక్కకు తీసి చూస్తే గాజు మీద బొట్టు నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టు ఎర్రగా మెరుస్తోంది.  గాజులతోనే పెరిగాను, ఇంత వింత ఎప్పుడూ చూడలేదు. ముందు గాజులో ప్రతి చోటునుంచీ మొత్తం బొమ్మ వస్తుందన్నమాట. నడుమ మూసేసినా అంచుల్లోంచి వచ్చే వెలుగే కొంగను మొత్తంగా తెచ్చి నిలబెడుతోంది. మూస్తే తగ్గేది వెలుగు మాత్రమే, బొమ్మలో ముక్క కాదు.

ముందు ఆ గాజు శుభ్రం చేశాను. పొడిగుడ్డతో రుద్దితే కుంకుమ రేణువులు గాజును గీసేస్తాయి. మా నాన్న ఆ మాట రోజుకు పదిసార్లు చెప్పేవాడు. ఊది, కుంచెతో అంచులవైపుకు తోసి, సబ్బునీళ్ళలో తడిపిన పాత మల్లు పంచె ముక్కతో ఊరికే అద్ది తీశాను. గంట పట్టింది. ఆ గంటసేపూ మా ఆయన నా నెత్తిమీద నిలబడి నిట్టూర్పులు విడుస్తూనే ఉన్నాడు. ఇంకోసారి నిట్టూరిస్తే మీకూ ఒకటి పెడతానన్నాను.

తుడుస్తున్నంతసేపూ ఒక మాట నన్ను వదల్లేదు. నాకు మసకగా కనపడింది. తాత మాత్రం మంచిగనే ఉందన్నాడు. ఒకే గాజులోంచి చూసినా ఇద్దరికీ ఒకేలా లేదు. ఎందుకు?

ఆ సాయంత్రం పొద్దు గుంకాక, వెలుగు సరిగ్గా తెల్లవారుజాములాగే ఉన్నప్పుడు, బెల్లం కట్టి తెచ్చిన అట్టతో చక్రాలు కత్తిరించాను. మధ్యలో చిల్లు, చుట్టూ అట్ట. ముందు గాజు మీద పెడితే అంచులు మూసుకుపోయి నడుమ మాత్రమే మిగులుతుంది. మొదటిది సన్నటి అంచుది పెట్టాను. నాకు వెంటనే చీకటి పెరిగింది. మా ఆయనకూ పెరిగింది. తాతను చూడమంటే, ఏం తేడా లేదు షావుకారమ్మా అన్నాడు. ఇంకొంచెం వెడల్పు అంచుది పెట్టాను. మాకు బాగా మసకేసింది. తాతకు అదే వెలుగు. గాజు వెడల్పులో మూడో వంతు దాకా మూసేశాకనే ఆయన తల వెనక్కి తీసి, ఇప్పుడు కొద్దిగా పొద్దు గుంకినట్టుంది అన్నాడు.

మా నాన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ముసలివాళ్ళు వచ్చి సందెవేళ కళ్ళు కనపడటం లేదు, కొత్త జోడు ఇవ్వమని అడిగితే, జోడు మారిస్తే లాభం లేదని పంపేసేవాడు. చీకట్లో పడుచువాళ్ళ కంటిపాప బాగా విచ్చుకుంటుంది, వయసు మీదపడ్డవాళ్ళది సగమే తెరుచుకునే తలుపు అనేవాడు. నేను తాతను గడప మీద కూచోబెట్టి, దీపం లేకుండా, ఆ మసకలోనే మొహం మొహం దగ్గర పెట్టి చూశాను. ఆయన సిగ్గుపడ్డాడు పాపం. తర్వాత మా ఆయన కళ్ళు చూశాను. మా ఆయన కంటిపాప కందిగింజంత ఉంది, నాదీ అంతేనన్నాడు ఆయన. తాతది జొన్నగింజంత.

మర్నాడు పగలు కిటికీ దగ్గర కూచుని రెండు దుర్భిణులనూ ఆకాశం వైపు పెట్టి, కంటివైపు గాజు వెనకాల పల్చటి కాగితం పట్టుకున్నాను. కాగితం మీద వెలుగు చుక్క పడింది. పెద్ద దుర్భిణి చుక్క మీద కందిగింజ పెడితే సరిగ్గా మూసుకుంది. చిన్నదాని చుక్క మీద జొన్నగింజ.  ఎవరో తాత కన్ను కొలిచి చేసినట్టుంది ఆ చిన్నది. పెద్దది ఎంత వెలుగు తెచ్చినా, ఆయన కన్ను తీసుకోగలిగింది జొన్నగింజంతే. మిగిలిందంతా ఆయన కనురెప్పల మీద పడి పోతుంది. పైగా పెద్ద గాజు కోసం దుర్భిణిని తుపాకి మీద ఎత్తుగా బిగించాలి. అప్పుడు తాత చెంప చెక్కకు ఆనదు, మెడ చాపి చూడాల్సొస్తుంది. బరువు వేరే. చిన్నది గొట్టానికి అంటుకున్నట్టు కూచుంటుంది. ఆయన చెంప తన బందూకు మీద ఆనినట్టే ఆనుతుంది.

ఇదంతా ఆఫీసరుకు చెప్పాలి. ఒక ఆడది, ఉప్పు అమ్మే షావుకారు పెళ్ళాం, వేటగాడైన ఆఫీసరుకు దుర్భిణి గురించి చెప్పడం! మా ఆయన వద్దని కాళ్ళావేళ్ళా పడ్డాడు. నేను వినలేదు. అట్ట చక్రాలు, కంది, జొన్న, కాగితం అన్నీ ఆయన మంచం పక్కన పరిచాను. బొట్టు సంగతి కూడా దాచలేదు. జ్వరంలో ఉన్నా ఆయన అన్నీ స్వయంగా చూశాడు. కాగితం మీద చుక్కను గింజతో మూసి తెరిచి, మూసి తెరిచి చూశాడు.  

"నేనైతే పెద్దదే పెట్టుకుంటాను," అన్నాడు చివరికి. "గురి చూసేది ఆయన కదా, చిన్నదే పెట్టండి. మీ మాట మీద పంపుతున్నానమ్మా."

ఆ చివరి మాట నా నెత్తిన రోలు పెట్టినట్టయింది. అప్పటిదాకా నేను గెలిచానన్న సంబరంలో ఉన్నాను.  నా లెక్క తప్పితే పోయేది నా ప్రాణం కాదు. గుమ్మం దగ్గర ఆ పిల్ల కూచుని మా వంటింటి చేట బాగుచేస్తోంది. లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఇచ్చాను.

చిన్న దుర్భిణి బిగించి ఏటి ఇసుకలో కుండపెంకు పెట్టి మూడు గుళ్ళు కాల్చి చూశారు. మూడూ తగిలాయి. తాత నా దగ్గరికొచ్చి, మంచులో ఊపిరి తగిలితే గాజు మబ్బేస్తుంది, తుడిచే సంగతి నీకే తెలుసు, నువ్వు సుత మంచె మీదికి రావాలె అన్నాడు. మా ఆయన వద్దన్నాడు. ఒక పూటంతా అన్నాడు. నా మాట మీద ఒక పిల్ల పులి ముందుకు పోతుంటే నేను ఇంట్లో పప్పు రుబ్బుకుంటూ కూచోలేనని చెప్పాను. చివరికి ఆయనే బండి కట్టించి పల్లెదాకా తోడొచ్చాడు. ఆఫీసరు పెద్ద దుర్భిణిని నా చేతికిచ్చి, మీ కన్ను కందిగింజే కదా, ఇది మీకు పనికొస్తుంది, ముందు మీరే చూసి ఆయనకు చెప్పండి అన్నాడు.

మొదటి రెండు రోజులూ పులి రాలేదు. మూడో రోజు తొలికోడి కూసేసరికి మంచె మీదున్నాం. మంచె మరీ ఎత్తు కాదు, రెండు నిలువులు. ఎదురుగా పెద్ద ఇప్పచెట్టు, దాని వెనక వాగు. పువ్వు బాగా కనపడాలని చెట్టు కింద ఆకులన్నీ ముందే కాల్చేస్తారు వాళ్ళు. నల్లటి ఆ నేల మీద తెల్లటి పువ్వు పరుచుకుని ఉంది. ఆ వాసనకు తల తిరుగుతోంది. పిల్ల బుట్ట పెట్టుకుని ఏరడం మొదలెట్టింది. పులి వస్తే తాత గువ్వలా కూస్తాడు, కూత వినగానే నేల మీద బోర్లా పడిపోవాలి. అది వాళ్ళిద్దరి మధ్య ఒప్పందం. తాత చెంప చెక్కకానించి రాయిలా కూచున్నాడు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆయన గాజు ఒకసారి అద్ది, నా పెద్ద దుర్భిణితో వాగు వైపు చూస్తూ ఉన్నాను.

మామూలు కంటికి వాగు ఒడ్డు నల్లటి గీతలా ఉంది. దుర్భిణిలో ప్రతి గడ్డిపోచా కనపడుతోంది. ఆ గడ్డిలో ఒకచోట గడ్డి కానిది ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. రావడం నేను చూడలేదు. ఉండటమే చూశాను.

తల్లీ, ఏం చెప్పను! అంత పెద్ద మొహం. దుర్భిణి నిండా అదే. మీసాల మీద మంచుబొట్లు వేలాడుతున్నాయి, లెక్కపెట్టొచ్చు. చెవులు ముందుకు పెట్టి, రెప్ప వేయకుండా, ఎంతో శ్రద్ధగా చూస్తోంది. నుదుటి మీద నల్లటి గీతలు, ఎవరో తీరిగ్గా కూచుని దిద్దినట్టున్నాయి. భయం వేయాలి కదా, వేయలేదు. ఇద్దరు ఆడవాళ్ళను తిన్న నోరు అదేనని తెలుసు. అయినా చేతులెత్తి మొక్కాలనిపించింది. ఇంత గొప్పది ఈ లోకంలో ఉందా, ఇన్నాళ్ళూ మా ఇంటికి నాలుగు కోసుల దూరంలోనే తిరిగిందా అని కళ్ళు చెమర్చాయి. గాజు మబ్బేస్తుందని గబుక్కున రెప్పలు ఆర్పాను.

తాత భుజం తాకి, అదిగో అని చెవిలో చెప్పాను. ఆయన అప్పటికే చూశాడు. తుపాకి మెల్లగా తిరిగింది. పులి ఒక అడుగు ముందుకు వేసింది. నా దుర్భిణి నిండా తలా భుజాలూ. ఇంతకంటే మంచి గురి ఎప్పుడు దొరుకుతుంది?

"కొట్టు తాతా," అన్నాను.

ఆయన కొట్టలేదు. పులి పొట్ట నేలకానేలా వంగింది. దాని భుజాల మీద చర్మం కదలడం నాకు కనపడుతోంది. కొట్టు, కొట్టు అని ఆయన చెయ్యి గిల్లాను. ఆయన కదల్లేదు. నాకు పిచ్చి కోపం వచ్చింది. కనపడటం లేదా ఈయనకు? నా లెక్క తప్పిందా? జొన్నగింజ, కందిగింజ అంటూ వేషాలు వేసి ఆ పిల్లను చంపేశానా? 

అప్పుడు తాత గువ్వలా కూశాడు. రెండుసార్లు, మెత్తగా. పులి తల పైకెత్తింది. చెవులు బద్దలయ్యేలా తుపాకి పేలింది. నా దుర్భిణిలో గడ్డి మాత్రమే మిగిలింది.

దుర్భిణి దించి చూశాను. పులి వాగు ఒడ్డున పక్కకు ఒరిగి పడి ఉంది, కదలటం లేదు. మాకూ దానికీ నడుమ, తిన్నగా ఒకే వరసలో, నల్లటి నేల మీద పిల్ల బోర్లా పడి ఉంది. బుట్ట తిరగబడి చుట్టూ పువ్వు చిమ్మి ఉంది. పిల్ల కూడా కదలటం లేదు.  తర్వాత ఆ పిల్ల ఒక చెయ్యి జాపి పక్కనున్న పువ్వును ఏరి బుట్టలో వేసింది.

తాత తుపాకి ఒళ్ళో పెట్టుకుని నా వైపు తిరిగాడు.  ఎందుకు ఆగావని అడిగాను.

"కోడలు లేచి నిలబడ్డది గదమ్మా, అడ్డంగా," అన్నాడు. "దాని తలకాయ సరిగ్గా పులి మూతి కిందికొచ్చింది, గుండు దాన్ని రాసుకుంటనే పోవాలె. నీకు కనపడలేదా?"

నాకు కనపడలేదు. నా పెద్ద దుర్భిణి ఎనిమిదింతలు దగ్గరికి లాగి, పులి మొహాన్ని తప్ప దేన్నీ చూపించలేదు. ఇవతల అంత దగ్గరగా నిలబడ్డ మనిషి అందులో పట్టలేదు. పట్టినా అడుగున మసక నీడలా ఉండి ఉంటుంది, నేను పులి మీసాలు చూస్తూ దాన్ని పట్టించుకోలేదు. తాత చిన్న దుర్భిణిలో పులి చిన్నగా ఉంది, దాని చుట్టూ వాగు ఉంది, చెట్టు ఉంది, కోడలు ఉంది. అన్నీ ఉన్నాయి. నేను చిన్నదాన్ని ఎంచింది వెలుగు లెక్క చూసి. ఇంత వెడల్పు చూపిస్తుంది, మనిషిని కాపాడేది అదే అన్న సంగతి నా బుర్రకు తట్టనే లేదు. ఆ రోజు తుపాకి మీద పెద్దది ఉండి ఉంటే, తాత కూడా నేను చూసిందే చూసి, నేను కొట్టమన్నప్పుడే కొట్టి ఉండేవాడు. 

మంచె దిగి పోయేసరికి పిల్ల చీర దులుపుకుని చిమ్మిన పువ్వంతా ఏరుతోంది. వదిలేస్తే పాడైపోతుందట. నేనూ కూచుని ఏరాను. సగం పువ్వు కిందే పోసుకున్నాను. పల్లెలోంచి జనం అరుస్తూ వస్తున్నారు, వాళ్ళల్లో మా ఆయన చెప్పుల్లేకుండా అందరికంటే ముందు పరిగెత్తుకొస్తున్నాడు. పిల్ల నా ఒళ్ళో ఉన్న పెద్ద దుర్భిణిని వేలితో తాకి, ఇంత పెద్ద గాజులో నేను ఎట్లా కనపడ్డనమ్మా అని అడిగింది.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను.

"నువ్వు కనపడలేదు బిడ్డా," అన్నాను.

అది కోపం తెచ్చుకోలేదు. పువ్వు ఏరడమూ ఆపలేదు.

"నాకు మీరు కనపడ్డరు," అంది. "భయమైంది. పైన ఉన్నరో లేదో అని లేచి చూసిన."